కాల్చిన అంచు

నిన్న మధ్యాహ్నం గురుగ్రామ్‌లో, పద్నాలుగో అంతస్తులో ఉన్న మా వంటింట్లో, పుట్టినరోజు కేకు మీద మిగిలిపోయిన చిన్న కొవ్వొత్తి ఒకటి వెలిగించి, మా అమ్మాయి అన్వి స్కూలు డాన్సుకని తెచ్చిన ఎర్ర శాటిన్ రిబ్బను చివరని ఆ మంటకి ఒక్క క్షణం చూపించి తీశాను. చివర చటుక్కున ముడుచుకుని, కరిగి, దారమంత సన్నగా నల్లటి అంచు కట్టింది. కొంచెం తియ్యగా, కొంచెం ఘాటుగా, గొంతులో గరగరలాడే ఆ వాసన ముక్కుకి తగిలేసరికి నేను మళ్ళీ తొమ్మిదేళ్ళ పిల్లనైపోయాను. హాల్లోంచి అన్వి, "మమ్మా, కుచ్ జల్ రహా హై" అని కేకేసింది, ఏదో కాలుతోందట. దాని తెలుగు అంతే. అంతా వింటుంది, అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. బాల్కనీ ఎండలో కుర్చీ వేసుకున్న మా అమ్మ తల కూడా తిప్పకుండా, "రిబ్బనేలే, కాల్చనీ" అంది.

ఈ మధ్య ఎటు చూసినా రిబ్బను ముడే. ఆఫీసులో ఆడపిల్లల చెవులకి అదే, మెడలో అదే, చెప్పుల మీదా ఫోను కవర్ల మీదా అదే. వాళ్ళు బో అంటారు, మేం రిబ్బను పువ్వు అనేవాళ్ళం. పోయిన శనివారం అన్వి ముచ్చటపడిందని మాల్‌లో ఓ నగల కొట్లోకి వెళ్ళాం. బో లాకెట్టు చేతిలోకి రాగానే నేను చేసిన మొదటి పని దాన్ని బోర్లా తిప్పడం. వెనకంతా గుల్ల. ముందువైపు రిబ్బనులాగా ఒత్తారు గానీ అది ఎటు నుంచి వచ్చి ఎటు దూరుతుందో చేసినవాడికే తెలీదు. "వెనక ఏమీ లేదేంటమ్మా" అంటే, కౌంటర్లో పిల్ల నవ్వి, "వెనక ఎవరు చూస్తారు మ్యామ్" అంది. నేను చూస్తాను. మా నాన్న కూతుర్ని కాబట్టి చూస్తాను. అన్వి సిగ్గుపడిపోయి నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది, లాకెట్టు కొనలేదు.

మా చిన్నతనమంతా ఢిల్లీలో, మునిర్కాలో గడిచింది. మూడో అంతస్తులో ఒక్క గది, ముందు రెండడుగుల వరండా, ఎదురింటి వరండా ఎంత దగ్గరంటే బీహారు ఆంటీ తన గుమ్మంలో నిలబడే మా అమ్మ చేతిలోంచి పచ్చడి గిన్నె అందుకునేది. కింద మాకు గది అద్దెకిచ్చిన ఇంటాయన గేదెలు, పైన ఆకాశం కనపడకుండా కరెంటు తీగలు, మధ్యలో మేము. చలికాలం పొద్దున్నే వీధంతా బొగ్గుల కుంపట్ల పొగ, వేరుశెనగలూ నువ్వుల జీళ్ళలాంటి గజకూ అమ్మే బండి గంట, బకెట్లో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయే చలి, ఇడ్లీ పిండి పొంగదని అమ్మ గిన్నెకి నా పాత స్వెట్టరు తొడిగి రజాయిలో మాతోపాటు పడుకోబెట్టేది. వినాయక చవితికి పత్రి కోసం యూనివర్సిటీ వైపు రాళ్ళగుట్టల్లో తిరిగి, పేరు తెలిసిన ఆకూ తెలియని ఆకూ కలిపి సంచీ నింపుకొచ్చేవాళ్ళం, అమ్మ ఉండ్రాళ్ళు చేస్తే ఇంటాయన భార్య వాటిని మోమోలనుకుని కారం చట్నీ అడిగింది. బందరులో తొక్కుడుబిళ్ళ అనే ఆటని మునిర్కాలో స్టాపూ అంటారు, పేరు మారిందే గానీ గీతల్లో నన్ను ఓడించినవాళ్ళు ఆ వీధిలో లేరు. అతిశయం కాదు, కావాలంటే మా అమ్మనడగండి.

బడికి రెండు జడలు, రెండు ఎర్ర రిబ్బన్లు తప్పనిసరి. సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ వాటిని సబ్బుతో ఉతికి, తడిగానే బీరువా అద్దం మీద వేలితో సాపుగా అతికించేది, పొద్దున్నకి ఇస్త్రీ చేసినట్టు ఆరి పటుక్కున ఊడి వచ్చేవి. కొత్త రిబ్బను కొంటే మొదట దాని చివరలు కొవ్వొత్తికి చూపించేది. ఆ తర్వాతే నా జడకి. జడని చెవి దాకా మడిచి, రిబ్బనుని రెండు చుట్లు తిప్పి, ముడేసేటప్పుడు ఊపిరి బిగబట్టేది. ఆ పువ్వు బడి గంట నుంచి ఇంటి గంట దాకా జారేది కాదు. మిగతా పిల్లల పువ్వులు మధ్యాహ్నానికి వాడిపోయేవి, నావి మాత్రం చెవుల పక్కన నిటారుగా నిలబడి ఉండేవి, నేను కూడా అలాగే నడిచేదాన్ని.

నాన్నది చిలకలపూడి. బందరు పక్కనే. అక్కడ రాగి మీద బంగారపు రేకు కప్పి చేసే రోల్డ్ గోల్డు నగలకి పెట్టింది పేరు. తాతల నాటి పని. నాన్న మాత్రం అసలు బంగారంతో పని చెయ్యాలని ఢిల్లీ వచ్చి, కరోల్ బాగ్‌లో ఓ నగల కార్ఖానాలో చేరాడు. అక్కడ మాస్టర్లందరూ బెంగాలీ వాళ్ళు, గొప్ప పనివాళ్ళే, కాదనను. నాన్న ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలిసిన రోజు నుంచి ఆయన పేరు నక్లీ మాస్టర్. అంటే దొంగ నగల మాస్టరన్నమాట. ఆరేళ్ళపాటు వాళ్ళు చేసిన నగలకి టంకం పెట్టడం, మెరుగు పెట్టడం తప్ప తన చేతులతో పూర్తి నగ ఒక్కటి చెయ్యనివ్వలేదు. ఇంట్లో ఆయన దీని గురించి ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. బజారులో గిన్నె కొన్నా, నా పలక కొన్నా, బోర్లా తిప్పి వెనక చూసి, "ముందు ఎవడైనా చేస్తాడు" అని మాత్రం అనేవాడు.

నా నాలుగో తరగతి చలికాలంలో వసంత్ కుంజ్ నుంచి ఒకావిడ కార్ఖానాకి వచ్చింది. కాలేజీలో పాత చిత్రకళ పాఠాలు చెప్పి రిటైరైన మేడమ్. కూతురికి ఇవ్వడానికి గుండె మీద పెట్టుకునే బ్రూచి కావాలంది. పుస్తకంలో ఓ దొరసాని బొమ్మ చూపించింది. ఆ దొరసాని గౌను మీద బంగారపు రిబ్బను ముడి, దాని కింద ఒక ముత్యం. మాస్టర్లు మైనంతో అచ్చు తీసి పోతపోసి ఇస్తే, "ఇది బిస్కెట్టు, రిబ్బను కాదు" అని రెండుసార్లు తిప్పి పంపింది. కార్ఖానా యజమాని లాలాజీ విసిగిపోయి, ఎవరైనా చేస్తారా అని అడిగితే, మెరుగు పెట్టే మూల నుంచి నాన్న చెయ్యెత్తాడు. అందరూ నవ్వారట. లాలాజీ నవ్వకుండా, సరే చేసి చూడు గానీ ఇది కూడా వాపసొస్తే మర్నాటి నుంచి రావద్దన్నాడు. ఇంటికొచ్చి ఆ బొమ్మ జిరాక్సు కాగితం మంచం మీద పరిచి నాన్న అమ్మతో, "తేడా వస్తే బందరు పోదాం. మళ్ళీ రాగి పనే" అన్నాడు. అమ్మ కందిపప్పు ఏరుతోంది. "ముందు చెయ్యండి" అంది. నాకు భయమేసింది. మునిర్కా పోతుందనీ, నా స్టాపూ పోతుందనీ కాదు. నాన్న ఓడిపోయి రైలెక్కడం నేను చూడాల్సొస్తుందని.

ఆదివారం డాబా మీద ఎండలో కూర్చుని, చిలకలపూడి నుంచి తెచ్చుకున్న ఊదుగొట్టమూ పట్టకారూ ముందు పెట్టుకుని, నాన్న రాగిరేకుతో నమూనా మొదలుపెట్టాడు. మాస్టర్లు పోతపోశారు కదా, నాన్న పోతపొయ్యలేదు. కాయితమంత పల్చటి రేకుని పట్టీలా కత్తిరించి, కాల్చి మెత్తబరిచి, వేళ్ళతోనే మడిచాడు. రోల్డ్ గోల్డు పనిలో రేకుని చర్మంలా అతికించడమే విద్య, ఆ విద్య కరోల్ బాగ్‌లో ఇంకెవరికీ లేదు, ఆ సంగతి వాళ్ళకీ తెలీదు. మధ్యాహ్నానికి ఓ ముడి తయారైంది. నాకు అద్భుతంగా కనిపించింది. అమ్మ బట్టలారేస్తూ వచ్చి చూసి, ఒక చివర గోరు పెట్టి రిబ్బను వెంబడే రాస్తూ పోయింది. ముడి దగ్గర గోరు ఆగిపోయింది.

"ఇక్కణ్ణుంచి బయల్దేరితే ముడిలోంచి దూరి అటు చివర తేలాలండీ. మధ్యలో ఆగిందంటే ఇది అతుకులబొంతే" అంది.

నాన్నకి కోపం వచ్చింది. ఆ ముడిని అటూ ఇటూ తిప్పుతూ గంటసేపు కూర్చుని, చివరికి, "అమ్మడూ, నీ రిబ్బనొకటి తీసుకురా" అన్నాడు. అమ్మ దాన్ని నా జడకి కట్టినట్టే డాబా పిట్టగోడ మీదున్న చీపురు పిడికి కట్టింది. నాన్న దాని చుట్టూ తిరిగి, వంగి, కింద నుంచి చూసి, విప్పి మళ్ళీ కట్టించి, అలా ఏడెనిమిదిసార్లు కట్టించాడు. రెండో నమూనాలో గోరు ఆగలేదు గానీ, నాన్న అలవాటుకొద్దీ రెండు రెక్కలూ జత దుద్దుల్లాగా అచ్చం ఒక్కలా చేశాడు. "నేను కట్టిన పువ్వులో రెండు రెక్కలూ ఎప్పుడైనా ఒక్కలా ఉన్నాయా? ఒకటి పైనించి వస్తుంది, ఒకటి కిందనించి" అంది అమ్మ. నగల పనిలో పుట్టి పెరిగినాయన బడిపిల్ల జడ దగ్గర పాఠం నేర్చుకున్నాడు, నేర్చుకున్నానని జీవితమంతా గర్వంగా చెప్పుకున్నాడు కూడా.

ఆ వారమంతా నా రిబ్బను చీపురు పిడికే ఉంది. విప్పితే మళ్ళీ ఆ వంపు రాదని నాన్న ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నేను ఒక జడకి ఎర్ర రిబ్బను, ఇంకో జడకి అమ్మ నల్ల సవరం తాడు కట్టుకుని బడికెళ్ళాను. టీచరు నన్ను క్లాసు బయట నిలబెట్టింది. రిబ్బనేదని అడిగితే, "పని మీద ఉంది" అన్నాను. పొగరని ఇంకో పీరియడు నిలబెట్టింది. మంచుకి ఒళ్ళంతా వణుకుతోంది గానీ ఆ రోజు నేను ఏడవలేదు, ఎదురుగా గోడ మీద ఎండ పడే దాకా తల దించకుండా నిలబడ్డాను. మూడో నమూనాలో అమ్మ గోరు ఈ చివర బయల్దేరి, పై రెక్క ఎక్కి, ముడిలో దూరి, కింద రెక్క దిగి, ఆ చివర తేలింది. "ఇప్పుడు విప్పొచ్చు" అంది. నాన్న ముఖం మీద ఎండ పడుతోంది, కళ్ళు చికిలించి నవ్వాడు. తర్వాతి వారమంతా కార్ఖానాలో కూర్చుని బంగారంతో అదే చేశాడు.

మరుసటి ఆదివారం లాలాజీతో కలిసి మేడమ్ ఇంటికి వెళ్తూ నాన్న నన్ను కూడా తీసుకెళ్ళాడు. నాన్న హిందీ కార్ఖానా దాకానే, పెద్దవాళ్ళతో మాట్లాడాల్సి వస్తే నేనే ఆయన నోరు. ఇంటినిండా పుస్తకాలు, ఏలకుల టీ వాసన, మేడమ్ నాకో మెత్తటి స్టూలు వేసి ఆరెంజి బిస్కెట్లు పెట్టింది. బ్రూచి చేతిలోకి తీసుకుని, ఆవిడ ముందు చూసింది, వెంటనే బోర్లా తిప్పింది. నేను నాన్న వైపు చూశాను. నాన్న నా వైపు చూడలేదు. వెనక కూడా రిబ్బనే, ముందులాగే. ఆవిడ తల ఊపి, నాకు చెప్పడం మొదలుపెట్టింది: వందల ఏళ్ళ కిందట ఆ బొమ్మలో దొరసాని దేశంవాళ్ళు నగల్ని రిబ్బన్లతో బట్టలకి కట్టుకునేవాళ్ళట, చూసీ చూసీ ఆ రిబ్బను ముడే అందంగా ఉందని దాన్నే బంగారంతో చేయించుకోవడం మొదలుపెట్టారట, రాణులూ పెట్టుకున్నారట, చిత్రకారులు దాన్ని గీసి గీసి అలిసిపోలేదట. ఆ మాట చెబుతూనే పుస్తకం తెరిచి అసలు బొమ్మ పక్కన బ్రూచి పెట్టింది. పెట్టి ఆగిపోయింది.

బొమ్మలో రిబ్బను చివరలు చేపతోకలా శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి. నాన్న చేసిన దానికి చివర సన్నటి పూసలు పూసలుగా గరుకు అంచు ఉంది. జిరాక్సు కాయితంలో చివరలు నల్లగా అలుక్కుపోయాయి. అక్కడ ఏముందో కనపడక నాన్న నా రిబ్బను చూసి చేసేశాడు. ప్రపంచంలో రిబ్బను అంటే చివర కాల్చి ఉంటుందనే ఆయన అనుకున్నాడు, మా ఇంట్లో కాల్చని రిబ్బను ఆయన ఎప్పుడూ చూడలేదు మరి. అమ్మ కొవ్వొత్తితో చేసిన పనే ఆయన ఊదుగొట్టంతో చేసి, బంగారపు రేకు అంచుని మంటకి చూపించి కరగనిచ్చాడు.

లాలాజీ ముఖం మాడిపోయింది. "గల్తీ హో గయీ మేడమ్, ఆకురాయి పెట్టి తీసేస్తాం" అన్నాడు. నాన్న వైపు చూసిన చూపులో మర్నాటి సంగతి కనిపించింది. మేడమ్ నన్నడిగింది, మీ నాన్న ఇలా ఎందుకు చేశారని. నాన్న నా జడకున్న రిబ్బను వైపు చూశాడు. తర్వాత తెలుగులో, "కాల్చకపోతే పోగులూడిపోతాయని చెప్పమ్మడూ" అన్నాడు. బంగారానికి పోగులేంటి అని నాకే అనిపించింది. అయినా ఆయన చెప్పింది చెప్పినట్టు హిందీలో చెప్పి, నా జడ ముందుకు లాక్కుని, రిబ్బను చివర ఆవిడకి చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, నా రిబ్బను చివరని వేళ్ళ మధ్య రుద్దింది, బ్రూచి చివరని రుద్దింది, మళ్ళీ నా రిబ్బనుని రుద్దింది.

"రాణిగారు ఒకసారి కట్టిన రిబ్బను మర్నాడు కట్టుకోరు, అందుకని ఆవిడ రిబ్బనుకి ఏమీ చెయ్యక్కర్లేదు" అంది లాలాజీతో. "నా కూతురు రోజూ పెట్టుకుంటుంది. ఇది ఇలాగే ఉండనివ్వండి."

తిరిగొచ్చేటప్పుడు లాలాజీ ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుని, ఆ అంచు ఉంచమని తనే చెప్పినట్టు మాట్లాడాడు. మాట్లాడుకోనీ. సోమవారం నుంచి కిటికీ పక్కన వెలుతురు పడే మాస్టరు పీట నాన్నకిచ్చారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు ఆ పీట మీద ఇంకొకళ్ళు కూర్చోలేదు. మేడమ్ స్నేహితురాళ్ళు వచ్చారు, వాళ్ళ కోడళ్ళు వచ్చారు, చెవులకీ మెడకీ చేతులకీ రిబ్బను ముళ్ళు చేశాడు. నక్లీ మాస్టర్ అని పేరు పెట్టిన బెంగాలీ పెద్దాయనే తన కూతురి పెళ్ళికి ఓ జత చెయ్యమని అడిగాడు, నాన్న చేసిచ్చాడు, అన్నం తిన్నంత సంతోషంగా చేసిచ్చాడు. ప్రతిదానికీ చివర కాల్చిన అంచు ఉండేది. ఒకావిడ అది లేకుండా చెయ్యమంటే, "అయితే వేరే కొట్టు చూసుకోండి" అని తన హిందీలోనే చెప్పేశాడు, ఆ ముక్కకి నా అవసరం రాలేదు. నా పొగరు ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు వేరే చెప్పక్కర్లేదు కదా.

నాన్న పోయి నాలుగేళ్ళు. కార్ఖానా ఉన్న మేడలో ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నారు. మా మునిర్కా గది మీద ఇంకో మూడు అంతస్తులు లేచాయి, గేదెలు కట్టిన చోట ఫొటోస్టాట్ దుకాణం ఉంది, ఎండ పడే డాబా ఎవరికీ లేదు. అన్వి క్లాసులో ముప్ఫైమంది ఆడపిల్లలుంటే రిబ్బనుతో పువ్వు కట్టడం ఒక్కళ్ళకీ రాదు, కట్టేసిన పువ్వే క్లిప్పుతో సహా దొరుకుతుంది. నాన్న చేసిన బంగారపు ముళ్ళన్నీ ఎవరెవరి మెడల్లోనో ఉన్నాయి, ఆ మేడమ్ కూతురు ఏ ఊళ్ళో ఉందో కూడా తెలీదు. నగలు చేసినాయన ఇంట్లో బంగారపుది ఒక్కటి మిగల్లేదు. ఉన్నది ఆ మూడో నమూనా ఒక్కటే. రాగిది. నా బీరువాలో, నాన్న పట్టకారు పక్కన, పాత బిస్కెట్టు డబ్బాలో ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఏడుపు రాదు, గర్వంతో గుండె ఉప్పొంగుతుంది.

నిన్న రిబ్బను కాల్చాక ఆ డబ్బా తీసి, రాగి ముడిని నిమ్మచెక్కతో తోమి అన్వి చేతిలో పెట్టాను. మాల్‌లో లాకెట్టు కొనివ్వలేదన్న అలక ఇంకా తీరలేదు దానికి. తీసుకుని, ఏమనుకుందో, బోర్లా తిప్పింది. బాల్కనీ గుమ్మంలోంచి అమ్మ, "ఒక చివర గోరు పెట్టి రాయవే, ఎక్కడైనా ఆగుతుందేమో చూడు" అంది. అన్వి గోరు పై రెక్క ఎక్కింది, ముడిలో దూరింది, కింద రెక్క దిగింది, ఆగకుండా అటు చివర దాకా వచ్చి, అక్కడ ఆగింది.

"అమ్మమ్మా, యహా కుచ్ చుభ్ రహా హై" అంది. ఏదో గుచ్చుకుంటోందట.

"అది నేను కాల్చిందే" అంది అమ్మ. "మీ తాతయ్య దాన్ని కూడా వదల్లేదు."

అన్వి వంటింటి గట్టు మీదున్న కొత్త రిబ్బను తెచ్చుకుంది. కళ్ళు మూసుకుని, ఒక చేతి వేళ్ళతో రిబ్బను చివర, ఇంకో చేతి వేళ్ళతో రాగి చివర, రెండూ ఒకేసారి రుద్దింది. చాలాసేపు రుద్దింది.

"సేమ్ హై" అంది.